గొడుగు పార్టీ తరఫున నేను చేసిన వాదన

మస్కట్‌లో పనిచేసే మనిషి సెలవు మీద ఇంటికి రాలేకపోవడానికి కారణాలు చాలానే ఉంటాయి. కంపెనీ పాస్‌పోర్టు పట్టుకుని కూర్చుంటుంది, సూపర్‌వైజరు ముఖం తిప్పుకుంటాడు, విమానాలు ఆగిపోతాయి. మా బావ విషయంలో మాత్రం ఆ కారణం కాబోయింది నేను. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే నేనూ, ఒక కొరియా గొడుగూ. రెండేళ్లు ఎదురుచూస్తే దొరికిన సెలవును ఒక మరదలు ఒక్క ఉపన్యాసంతో తగలబెట్టినంత పని ఎలా చేసిందో చెబుతాను. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. మా అక్క ఆ పని ఎప్పుడో మొదలుపెట్టింది, మీరు వెనక నిలబడితే చాలు.

అప్పుడు నాకు డిగ్రీ అయిపోయిన కొత్త. ఆ వయసులో నాకు తెలియని విషయం లేదు. జగిత్యాలలో చదువుకుంటూ మేం కొందరం నడుపుకున్న చర్చావేదికలో దయ్యాలు, జాతకాలు, బాబాల విభూతి, దేన్నీ వదలకుండా చీల్చి చెండాడేదాన్ని. ఒకసారి వాస్తు పండితుడొకాయన నా ప్రశ్నకు తట్టుకోలేక గ్లాసెడు నీళ్లు గటగటా తాగాడు. ఆయనకు నిజంగానే దాహం వేసిందని తర్వాత తెలిసింది గానీ, అప్పటికి చప్పట్లు పడిపోయాయి.

మా ఇల్లు సిరిసిల్ల. ఆ ఏడు గుడ్డ కొనే దిక్కులేక మా నాన్న సాంచాలు, అంటే మరమగ్గాలు, వారంలో సగం రోజులు నిలిచిపోయి ఉండేవి. సాంచాల చప్పుడు ఆగిపోయేసరికి ఇంట్లో నా గొంతు మా నాన్నకు మొదటిసారి స్పష్టంగా వినపడింది. కొన్నాళ్లు ఓర్చుకుని, "కోరుట్లల మీ అక్క ఒక్కతే ఉన్నది, పోయి తోడుండు బిడ్డా" అని బస్సెక్కించాడు.

కోరుట్లలో మా పద్మక్క ఇంటి వాకిట్లో మధ్యాహ్నం పూట వాడకట్టు ఆడవాళ్లంతా చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవారు. వాళ్ల మొగుళ్లలో ఎక్కువమంది గల్ఫ్‌లోనే. శుక్రవారం అక్కడ సెలవు. ఆ రోజు గోడకు ఆనించిన ఫోనులో తెలుగు మాటలు తొడుక్కున్న కొరియా పగా ప్రతీకారాల సీరియల్ నడిచేది. పక్కనే పీట మీద ఇంకో ఫోనులో మస్కట్ నుంచి మా బావ ఉండేవాడు. ఆయన అక్కడి గదిలో, వీళ్లు ఇక్కడి వాకిట్లో, "ఆన్ జెయ్" అనుకుని ఒకేసారి మొదలుపెట్టేవారు. బావ స్పీకరు పెట్టేవాడు కనక ఆ గదిలో ఉండే మిగతా మగవాళ్ల నిట్టూర్పులు కూడా మా వాకిట్లో పడేవి. ఆ రెండేళ్లలో మా అక్కా బావా కలిసి కూర్చుని చేసిన పని ఏదైనా ఉందంటే అదొక్కటే. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మొదటి శుక్రవారం నాకు అర్థమైందల్లా, వీళ్లకు అర్జెంటుగా తర్కం నేర్పాలని.

కథేమిటంటే, ఒక కంపెనీ ఛైర్మన్ హీరోయిన్ తండ్రిని నాశనం చేస్తాడు. ఆమె జుట్టు కత్తిరించుకుని, పేరు మార్చుకుని, అదే కంపెనీలో చేరి పగ తీర్చుకుంటూ ఉంటుంది. జుట్టు కాస్త పొట్టిదైనందుకు, పుట్టినప్పటి నుంచి ఎరిగినవాళ్లు కూడా ఆమెను గుర్తుపట్టరు. ఇది ఏ హేతువుకు నిలుస్తుందని నేను నిలదీశాను. మా అక్క పొరుగింటి లసుమవ్వ తునికాకు కత్తిరిస్తూ తలెత్తకుండానే అంది, "నువ్వు జడ తీపిచ్చుకొని వచ్చిన్నాడు నేను గుర్తువట్టిన్నా? గ్యాస్ బండ తెచ్చిన పోరడనుకున్న." నా మొదటి వాదం అక్కడే కన్నుమూసింది.

ఆ హీరోయిన్ చుట్టూ ఇద్దరు మగవాళ్లు. కొరియా పేర్లు ఎవరి నోటా తిరగవు కనక కోటాయన, గొడుగాయన అని పెట్టుకున్నారు. కోటాయన చిన్నప్పుడు మాటిచ్చి సముద్రాలు దాటి పోయి, ఏళ్ల తర్వాత పెద్ద లాయరై, పిక్కల దాకా కోటు వేసుకుని తిరిగొచ్చినవాడు. గొడుగాయన ఆమె ఇంటి కింద నూడుల్స్ కొట్టు పెట్టుకుని, వాన పడినప్పుడల్లా నోరు మెదపకుండా గొడుగు పట్టేవాడు. ఆమె ఎప్పుడు బాధపడితే అప్పుడు వాన పడేది. ఆ దర్శకుణ్ణి ఒక్క కారు పంట కోసం సిరిసిల్ల పక్కన ముస్తాబాద్ తీసుకురాగలిగితే మన రైతుల కష్టం తీరేది.

వాకిలంతా గొడుగు పార్టీ. అసలు కోటు వేషానికి ఆ నటుణ్ణి తీసుకోవడమే పొరపాటని మా అక్క పట్టు. హీరోయిన్ పక్కన నిలబడితే తమ్ముడిలా ఉన్నాడట, చూస్తే రాఖీ కట్టాలనిపిస్తోందట. గొడుగాయన మాట్లాడడు కనకే మంచివాడని వాడకట్టులోని రజిత సిద్ధాంతం. రజిత మొగుడు మస్కట్‌లో మా బావ గదిలోనే ఉంటాడు, మాటకారి. లసుమవ్వది మాత్రం మూడో పార్టీ. ఆ ఛైర్మన్ ముక్కు చూశాక ఆమె కంటికి ఇంకెవరూ ఆనలేదు. అంత మంచి ముక్కున్నవాణ్ణి విలన్‌ను చేసినవాళ్ల మీద కేసు పెట్టాలని ఆమె అభిప్రాయం.

ఇటు వాకిలి గొడుగు పార్టీ అయితే, అటు మస్కట్ గది మొత్తం కోటు పార్టీ. శాస్త్రీయ దృష్టి ఉన్న మనిషెవరైనా ఇక్కడ ఒక్క క్షణం ఆగుతారు. సముద్రం దాటి పోయినవాడికి, సముద్రం దాటిన మగవాళ్లంతా కట్టగట్టుకుని ఎందుకు ఓటేస్తున్నారని ఆలోచిస్తారు. నేను ఆలోచించలేదు. చర్చకు గంట కావాలి కదా, స్టీలు గ్లాసూ చెంచా వెతుక్కుంటున్నాను.

అవును, పద్ధతిగా చర్చ పెట్టాను. అధ్యక్షురాలు లసుమవ్వ. కోటు తరఫున ఫోనులో మా బావ, గొడుగు తరఫున నేను. బావ వాదన ఒక్క ముక్కలో ముగిసింది. "ఆమె కోసమే గదా మరదలా వాడు పోయింది. ఊకెనే పోయిండా?" అన్నాడు.

మరదలికి బావను ఆటపట్టించే హక్కు ఎలాగూ ఉంది. దానికి వేదిక తోడైతే ఇంకేముంది. లేచి నిలబడ్డాను. ఆమెకు జ్వరమొస్తే గంజి కాచిందెవరని అడిగాను. చీకట్లో ఆమె మెట్లెక్కుతుంటే కింద నిలబడిందెవరని అడిగాను. త్యాగం పేరుతో దూరంగా ఉండడం భూస్వామ్య భావజాలమని తేల్చాను. లసుమవ్వ గంట కొట్టింది. నేను ఆగలేదు. ఆమె మళ్లీ కొట్టింది. గ్లాసుకు సొట్ట పడిందే గానీ నేను ఆగలేదు. చివరికి చెయ్యెత్తి, ఫోను వైపు తిరిగి అన్నాను:

"ఏండ్లకోపారి సూట్‌కేసు పట్టుకొని వచ్చేటోడు మొగడు గాదు బావా, సుట్టం."

వాకిలి నిశ్శబ్దమైపోయింది. మస్కట్ గదిలో నిట్టూర్పు కూడా లేదు. నా తర్కానికి రెండు దేశాలు స్తంభించిపోయాయనుకుని మురిసిపోయాను. అటు నుంచి బావ గొంతు, "నువ్వే గెలిచినవ్ మరదలా" అంది. ఫోను కట్టయింది. నేను చప్పట్ల కోసం చుట్టూ చూశాను. అక్క బీడీకి దారం చుడుతూనే ఉంది. ఎంతకీ ముడి వేయడం లేదు.

ఆ వారమంతా బావ ఫోను చేయలేదు. గురువారం రజిత పరుగున వచ్చి మొగుడు చెప్పిన కబురు అందించింది. వాళ్ల కంపెనీలో సెలవులు వంతుల ప్రకారం ఇస్తారు. వచ్చే నెల మా బావ వంతు. ఆ వంతును తనతో పనిచేసే పెగడపల్లి మనిషికి ఇచ్చేస్తానని, శనివారం సూపర్‌వైజరుకు చెబుతానని బావ అన్నాడట. సుట్టం రాకపోతే ఏం మునిగింది అన్నాడట.

అక్క నా మీద అరవలేదు. అరిచినా బాగుండేది. చాట పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది.

"నేనేదో సీరియల్ల గొడుగాయన మంచిగున్నడన్న. మీ బావ రావద్దన్ననా? గెలిచినవ్ గద చెల్లె. ఇప్పుడాయన రాకపోతే నీ గొడుగాయనను తెచ్చి నా దర్వాజ కాడ నిలవెడుతవా?"

వాదన వేరు, వ్యక్తి వేరు అని వివరిస్తూ బావకు పెద్ద వాయిస్ మెసేజ్ పంపాను. విన్నట్టు నీలం గుర్తు పడింది. జవాబు రాలేదు. రెండోది ఇంకాస్త సైద్ధాంతికంగా పంపాను. దాన్ని వినను కూడా లేదు. చివరికి రజిత ఒక ఉపాయం చెప్పింది. శుక్రవారం ఆమె మొగుడి ఫోనుకు చేసి, గదంతా వినేలా స్పీకరు పెట్టించి, నా వాదనను నేనే ఖండించుకోవాలి.

జీవితంలో ఒక్క కామా కూడా వెనక్కి తీసుకోని మనిషిని. అయినా శుక్రవారం అదే వాకిట్లో నిలబడ్డాను. పక్కన నిలబడి గొడుగు ఎవరైనా పడతారని, సముద్రం అవతల నుంచి పట్టడమే కష్టమని చెప్పాను. ఆమె ఉండే ఇల్లు ఎవరి చెమటతో నిలబడిందో ఆలోచించమన్నాను. పోయినవారం గంజి కాచినవాణ్ణి ఆకాశానికెత్తావు కదా అని రజిత అడ్డుతగిలింది. ఆ గంజిలో ఉప్పు ఎక్కువైందని నా చేత చెప్పించుకున్నాక గానీ వదల్లేదు. లసుమవ్వ ఈసారి గంట నాకెప్పుడు గొంతెండిపోతే అప్పుడు కొడుతూ ఆనందించింది.

అవతల బావ గొంతు సవరించుకున్నాడు. "గంతేనా?"

"ఇంకేంది బావా?"

"గొడుగాయన మొకం ఎట్లున్నది?"

అంతకు వారం ముందే ఆ కళ్లలో కరుణ ఉందనీ, ఆ వేషానికి భూమ్మీద ఇంకెవరూ సరిపోరనీ చెప్పి ఉన్నాను. అక్క వైపు చూశాను. అక్క ఫోను వైపు చూస్తోంది.

"ఉడికిన వంకాయ లెక్కున్నది" అన్నాను.

"గట్టిగ చెప్పు. మావోళ్లకు వినవడ్తలేదట."

గట్టిగా చెప్పాను. వీధి చివర ఆటో ఆపుకున్న డ్రైవరు తన గురించేనేమోనని తిరిగి చూశాడు. మస్కట్ గది పగలబడి నవ్వింది. "సరే, వస్త తియ్" అన్నాడు బావ. అక్క చాట దించి లోపలికి వెళ్లింది. కళ్లలో తంబాకు పడిందని తర్వాత చెప్పింది. ఆ రోజు ఆమె ఆకు కత్తిరించిందే గానీ తంబాకు డబ్బా మూతే తీయలేదు.

బావ వచ్చాడు. ఆ సీరియల్ చివరి భాగం నాటికి మా వాకిట్లోనే, ఆడవాళ్ల మధ్య కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఛైర్మన్ జైలుకు పోతుంటే లసుమవ్వ ముక్కు చీదుకుంది. అక్క టీ పెట్టడానికి లోపలికి వెళ్లిన సమయంలోనే హీరోయిన్ వానలో నడుచుకుంటూ పోయి నూడుల్స్ కొట్టు తలుపు తట్టింది. కోటాయన దూరం నుంచి చూసి వెళ్లిపోయాడు. బావను ఓదారుద్దామని తిరిగి చూస్తే, ఆయన చెవుల దాకా నవ్వుతున్నాడు.

"ఏంది బావా, ఓడిపోయింది నీ కోటాయన గదా?"

వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నాకు మొదటి సంది గొడుగాయననే ఇష్టం. మా రూంల అందరికి గాయననే ఇష్టం. కానీ గంత దూరంల కూసున్నోళ్లం, ఇంటి కాడ ఒకడు గొడుగు వట్టుకొని నిలవడితె మంచిదే అని మా నోటితోని ఎట్లంటం? నిద్రవడ్తదా?"

అయినా వదల్లేక అడిగాను. "మరి నాతోని వంకాయ అని గట్టిగ ఎందుకు చెప్పిచ్చినవ్?"

"గది, నన్ను సుట్టం అన్నందుకు" అన్నాడు బావ, అక్క తెచ్చిన టీ అందుకుంటూ.

కనక పెద్దలారా, ఈ సందర్భంగా గంభీరంగా ప్రకటిస్తున్నాను. దయ్యాల మీద పిలవండి, జాతకాల మీద పిలవండి, నా సొంత చార్జీలతో వచ్చి వాదిస్తాను. కానీ ఏ కొరియా అమ్మాయి ఎవరిని చేసుకోవాలి, ఎవరి ముఖం ఎవరి వేషానికి తగింది అన్న విషయంలో బతికినంత కాలం నోరు విప్పను. మా అక్క తల మీద చెయ్యిపెట్టి ఒట్టు వేద్దామంటే రెండు చిక్కులున్నాయి. నాకు ఒట్లమీద నమ్మకం లేదు, ఆమెకు నా మీద లేదు.