ఎదిగే పిల్లకు స్కీలు

అమెరికాలోని ఎడిసన్‌లో స్కీలు అమ్మే షాపు నిండా కొత్త తోలు బూట్ల వాసన. అడవిలో మంచు మీద నడవడానికి బూట్ల కింద బిగించుకునే ఆ సన్నటి పలకల్లో మనవరాలు పొట్టివి ఎంచింది. నాకు ఒళ్లు మండింది.

"ఎదిగే పిల్లవి, పొడుగువి తీసుకో. ఏటేటా కొంటారా?"

"అబ్బా అమ్మమ్మా! నా వెయిట్‌కి ఇవే కరెక్ట్. లాంగ్‌వి అయితే చెట్ల మధ్య టర్న్ చేయలేను, పడిపోతా!"

మా అమ్మ కూడా ఇదే మాట అని నాకు పెద్ద తోలుచెప్పులు కొని, జారకుండా తాడు కట్టింది. బడికి పోయిన ఆ కొద్దికాలమూ దారిలో బోర్లా పడుతూనే ఉన్నాను. తప్పు నా కాళ్లదేననుకుని, మొక్కల్లా ఎదుగుతాయని పొద్దున్నే వాటికి నీళ్లు పోసేదాన్ని. తీరా పాదాలు సరిపోయేనాటికి చెప్పులు అరిగిపోయాయి.

"సరేలేవే, ఆ పొట్టివే తీసుకో," అని విసుక్కున్నాను. "వాటితోనూ పడ్డావో, చెబుతా నీ పని!"