టెస్ట్ డేటాలో అమ్మమ్మ వక్క

నోరు విప్పకుండా ఆఫీసులో ఒక పూట గడిపేస్తే దాన్నొక విజయంగా లెక్కవేసుకునే కాలం నాకూ ఒకటి ఉండేది. ఆరేళ్ళ కిందటి మాట. చదువు ముగించి న్యూజెర్సీలో ఒక చిన్న కంపెనీలో టెస్టర్‌గా చేరిన కొత్త. మీటింగుల్లో అందరూ మాట్లాడుతుంటే నేను తల ఊపేదాన్ని. (ఫోన్ మీటింగుల్లో కూడా ఊపేదాన్ని. అది అవతలివాళ్ళకి కనబడదని గ్రహించడానికి మూడు నెలలు పట్టింది.) చెప్పకుండా మిగిలిపోయిన మాటలన్నీ మూటగట్టుకుని ప్లెయిన్స్‌బరోలోని మా అపార్ట్‌మెంటుకి తెచ్చి, డైరీలో దింపుకునేదాన్ని. నాతో కలిసి ఉండే వరంగల్ అమ్మాయి అది చూసి, "ఆఫీసుల మూగనోము, ఇంట్ల మహాభారతం. ఏం మనిషివే నువ్వు!" అనేది.

మా మేనేజర్‌కి మేం చాటున పెట్టుకున్న పేరు స్టేటస్ గారు. గుడివాడ వైపు మనిషి. గుడ్ మార్నింగ్ చెప్పాల్సిన చోట కూడా "స్టేటస్ ఏంటమ్మా?" అనేవారు. ఆయన నన్నొక వైన్ కంపెనీ పనిలో పెట్టారు. ఇటలీ ఉత్తరాన పియెమోంతె అనే కొండప్రాంతం నుంచి వైన్ తెప్పించి ఇక్కడి దుకాణాలకు అమ్మే కుటుంబం వాళ్ళది. యజమానురాలు ఎర్ర ఫ్రేము కళ్ళజోడు పెట్టుకునే పెద్దావిడ. వాళ్ళ సరుకు వివరాలన్నీ చూపించే వెబ్‌సైట్ మేం తయారుచేస్తున్నాం. "ఈ క్లయింట్ ఇంకో రెండేళ్ళు ఎక్స్‌టెండ్ చేస్తేనే నీ హెచ్‌వన్ వీసా ఫైల్ చేయగలం తల్లీ. చూస్కో మరి" అని స్టేటస్ గారు మొదటి రోజే చెప్పేశారు. అంటే నేను ఈ దేశంలో ఉండడమా, సూట్‌కేసు సర్దుకోవడమా అన్నది, నేనెన్నడూ నాలుక మీద వేసుకోని ఒక పానీయం చేతిలో ఉందన్నమాట.

నా పని చాలా చిన్నది. ఒక్కో వైన్ పేజీలో పేరు, ద్రాక్ష రకం, కొండవాలు, వర్ణన సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో చూడాలి. ఖాళీగా ఉన్న వర్ణనల్లో ఏదో ఒకటి నింపి, గడిలో పడుతోందా లేదా అని పరీక్షించాలి. లోకంలో ఏ టెస్టరైనా అక్కడ abcd అని కొడతాడు. నా వల్ల కాలేదు. గడి ఖాళీగా కనిపిస్తే అందులో ఒక మంచి వాక్యం పెట్టాలనిపించే జబ్బు నాది. పైగా టెస్ట్ డేటా ఎవరూ చదవరు. నాలాంటిదానికి అంతకంటే సుఖమైన ప్రచురణ ఏముంటుంది!

లైబ్రరీకి వెళ్ళి ఆ కొండల మీద ఉన్న లావుపాటి పుస్తకం తెచ్చుకున్నాను. రెండు వారాలు అదే లోకం. సున్నం కలిసిన తెల్లటి బంకమట్టి. ఒక కొండకీ పక్క కొండకీ పొంతన లేని ఎండ. చలికాలంలో ఏ వాలు మీద మంచు ముందు కరుగుతుందో చూసుకుని, అక్కడ నెబ్బియోలో అనే రకాన్ని నాటుతారట. అది మహారాణి. అన్నిటికంటే ముందు చిగురు వేసి, అన్నిటికంటే చివర పండుతుంది. లోయల్లోంచి పొగమంచు పైకి లేచే అక్టోబరు దాకా తీగ వదలదు. దక్షిణపు వాలంతా దానిదే. ఉత్తరం వైపు చలివాలు హేజెల్‌నట్ తోటలకి వదిలేస్తారు. మిగిలిన చోట్ల బార్బేరా, డోల్చెట్టో రకాలు సర్దుకుంటాయి. చదువుతుంటే నాకు ద్రాక్షతోటలా అనిపించలేదు, ఉమ్మడి కుటుంబంలా అనిపించింది.

అలాగే రాసేశాను, ఇంగ్లీషులో. డోల్చెట్టో గురించి: "మంచి ఎండంతా అక్కకి ఇచ్చేసి, మిగిలిన చోట సర్దుకుని నవ్వుకుంటూ ముందే పండిపోయే చెల్లెలు." బార్బేరా గురించి: "ఉప్పు అద్దిన చింతకాయ కొరికినప్పుడు ఒక కన్ను దానంతట అదే మూసుకునే పులుపు." నెబ్బియోలో దగ్గర మాత్రం ఆగిపోయాను. గులాబీల వాసన, తారు వాసన అని పుస్తకంలో ఉంది. బాగానే ఉంది. కానీ నాలుకని పట్టేస్తుందని కూడా ఉంది. ఆ గుణం మన వగరే కదా, దానికి నాకు తెలిసిన ఇంగ్లీషు మాటేదీ ఆనలేదు. చివరికి ఇలా రాశాను: "కొత్తగా తారు వేసిన రోడ్డు మీద ఎవరో గులాబీల బుట్ట ఒలకబోసినట్టుంటుంది. ఆ తర్వాత, భోజనమయ్యాక మా అమ్మమ్మ నా నోట్లో పెట్టిన పచ్చి వక్క." వక్కని vakka అనే ఉంచేశాను. ఎంత తృప్తిగా పడుకున్నానో ఆ రోజు!

వెబ్‌సైట్ విడుదలకి ముందు టెస్ట్ డేటా చెరిపేయడం కూడా నా పనే. చెరిపాను. తోటి టెస్టర్లు కొట్టిన abcdలు, xyzలు ఒక్కటి మిగల్చకుండా తుడిచేశాను. నావి మాత్రం చెరపలేదు. దొంగతనంగా దాచుకున్నానని అనుకోకండి. చూస్తూ చూస్తూ దాటిపోయాను. అవి టెస్ట్ డేటా అని నాకే తట్టలేదు. లిస్టులో ఆ గడి ఎదురుగా టిక్కు పెట్టి ఇంటికి వెళ్ళిపోయాను.

సోమవారం పొద్దున స్టేటస్ గారు నా సీటు దగ్గరికి వచ్చారు. మొదటిసారిగా స్టేటస్ అడగలేదు.

"అమ్మా, వక్క ఏంటమ్మా?"

నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను.

"సైట్‌లో లైవ్ అయిపోయింది తల్లీ. అంతటితో ఆగలేదు. సైట్‌లోంచి తీసి కార్డులు ప్రింట్ చేయించారంట, శనివారం వాళ్ళ గోడౌన్‌లో టేస్టింగ్‌కి. ఆ ద్రాక్షతోట యజమాని ఇటలీ నుంచి దిగాడు. 'ఇది రాసినవాళ్ళని తీసుకురండి' అంది ఆ ఎర్ర కళ్ళజోడు మేడమ్. కోపంగా అందో మామూలుగా అందో మెయిల్‌లో తెలిసి చావట్లేదు."

ఆ వారం నేను తిన్నది తక్కువ. వరంగల్ అమ్మాయి మాత్రం నవ్వి నవ్వి సోఫా మీంచి జారింది. "తాగకుండనే ఇంత రాసినవ్, తాగితే ఏం రాస్తవే? ఏం గాదు, నేనొస్త. డ్రైవింగ్ నాది, ఏడుపు నీది." దారిలో ఎడిసన్‌లో ఆగి ఓక్ ట్రీ రోడ్డు మీద ఇండియన్ షాపులోకి వెళ్ళొచ్చింది. ఏం కొన్నావంటే చెప్పలేదు.

గోడౌన్‌లో పొడవాటి బల్ల. దాని మీద సీసాలు, ప్రతి సీసా ముందూ నా వాక్యం. అచ్చులో. నాకు బల్ల కింద దూరాలనిపించింది. తోట యజమాని డెబ్బై దాటిన తాత. వేళ్ళు తీగ మొదళ్ళలా ముడులు పడి ఉన్నాయి. ఇంగ్లీషు పది ముక్కలకి మించి రాదు, మిగతాది మేడమ్ చెబుతుంది. వెనకాల స్టేటస్ గారు నీళ్ళ సీసా పట్టుకుని, ఆస్పత్రి వరండాలో నిలబడ్డ బంధువులా చూస్తున్నారు.

తాత గ్లాసులో డోల్చెట్టో పోసి నా చేతిలో పెట్టాడు. పక్కనే ఒక బకెట్. అందరూ ఒక గుక్క నోట్లో తిప్పుకుని అందులో ఉమ్ముతున్నారు. అది అక్కడి పద్ధతి, పుస్తకంలోనూ ఉంది. కానీ పుస్తకం మా అమ్మమ్మ పెంపకంలో పెరగలేదు. నోట్లో పెట్టుకున్నది బయటికి తీస్తే అన్నపూర్ణమ్మ అలుగుతుందని పెంచిన మనిషి ఆవిడ. అందులోనూ పండించినాయన ఎదురుగా నిలబడి ఉండగా, ఆయన కష్టాన్ని బకెట్లో ఉమ్మడమా! మింగేశాను. బార్బేరా పోశాడు. మింగేశాను. (ఒక కన్ను నిజంగానే మూసుకుంది.) నెబ్బియోలో కూడా మింగేశాను.

చెవులు వేడెక్కాయి. లోపల ఏదో గొళ్ళెం ఊడినట్టనిపించింది.

మేడమ్ కార్డు చూపించి అడిగింది. "ఈ వక్క అంటే ఏమిటి?"

నేను జవాబు వెతుక్కునేలోపే మా వరంగల్ అమ్మాయి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పొట్లం తీసింది. "ఇగో, ఇది. చూడమను." తాత ఒక పలుకు తీసుకుని నమిలాడు. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత బుగ్గలు లోపలికి పోయాయి, కనుబొమలు నెత్తికెక్కాయి. స్టేటస్ గారు "అయిపోయింది" అని గొణగడం నాకు స్పష్టంగా వినబడింది. తాత గబగబా వెళ్ళి బకెట్లో ఉమ్మి, నాలుక పళ్ళకేసి రాసుకుని, సీసా వైపు వేలు చూపించి, బల్ల గుద్ది మరీ నవ్వాడు. "సీ, సీ! నెబ్బియోలో!" ఇటాలియన్‌లో ఆ మాటకి అర్థం అవునవును అని తెలియక, ఛీ ఛీ అన్నాడనుకుని స్టేటస్ గారు ఇంకో గుటక నీళ్ళు తాగారు.

మేడమ్ మాత్రం నన్నే చూస్తోంది. "నువ్వు ఎన్నేళ్ళుగా వైన్ రుచి చూస్తున్నావు?"

అక్కడ అబద్ధం చెప్పడం ఎంత తేలికో నాకు తెలుసు. మూడేళ్ళు అంటే సరిపోయేది. స్టేటస్ గారు కూడా వెనకాల మూడు వేళ్ళు చూపిస్తున్నారు. కానీ నన్ను పట్టి ఉంచే గొళ్ళెం అప్పటికే ఊడిపోయింది.

"పదకొండు నిమిషాలుగా" అన్నాను.

ఇక ఆగలేక అంతా చెప్పేశాను. అది టెస్ట్ డేటా అని, చెరపాల్సింది నేనేనని, మర్చిపోయింది కూడా నేనేనని. అక్కడితో ఊరుకున్నానా? కొండవాలు గురించి, ముందు కరిగే మంచు గురించి, అక్కాచెల్లెళ్ళ గురించి, అక్టోబరు పొగమంచులో నెబ్బియోలో ఎందుకంత పంతంగా నిలబడుతుందో దాని గురించి, ఇన్నాళ్ళ మూగనోము ఒక్కసారిగా చెల్లించినట్టు మాట్లాడాను. మేడమ్ నా మాటలు తాతకి చెబుతూ చెబుతూ మధ్యలో వదిలేసింది. చెప్పనక్కర్లేకుండానే ఆయన తల ఊపుతున్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆయన ఇంగ్లీషులో తనకున్న పది ముక్కల్లోంచి నాలుగు ఏరుకుని అన్నాడు. "మంచు. అవును. మా నాన్న. అలాగే." వాళ్ళ నాన్న కూడా మంచు ఎక్కడ ముందు కరుగుతుందో చూసే ఆ తోట నాటాడట. అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. వక్క వల్లనో నాన్న వల్లనో నేను అడగలేదు.

"కార్డులు అలాగే ఉంటాయి" అంది మేడమ్. స్టేటస్ గారి వైపు తిరిగి, "మిగిలిన వైన్లన్నిటికీ కూడా ఈ అమ్మాయే రాయాలి. ఇంకో రెండేళ్ళ ఒప్పందంలో అది కూడా చేర్చండి" అంది. ఆయన నీళ్ళ సీసా కింద పెట్టి, కార్ పార్కింగ్ దాకా మా వెనకే వచ్చారు. అక్కడ, "అమ్మా, నీకు దండం పెడతా. ఇకమీదట టెస్ట్ డేటాలో abcd కొట్టు" అన్నారు. ఆయన నవ్వగా నేను చూడడం అదే మొదలు. కారెక్కాక నేను ఇంకా మాట్లాడుతూనే ఉన్నానట. "మూగనోమే నయముండె" అని వరంగల్ అమ్మాయి ప్లెయిన్స్‌బరో వచ్చేదాకా మొత్తుకుంది.

ఇప్పుడు నాకు గ్లాసు కాడ పట్టుకోవడం తెలుసు. చుక్క కారకుండా, ఎవరికీ కనబడకుండా బకెట్లో ఉమ్మడం తెలుసు. మీటింగుల్లో నేను మాట్లాడుతుంటే కొత్త పిల్లలు తల ఊపుతారు. మొన్న ఒక కొత్త బార్బేరా వచ్చింది. మూడుసార్లు రుచి చూసి, "సమతూకమైన పులుపు, ఎర్రటి పండ్ల పరిమళం" అని రాసి మా వరంగల్ అమ్మాయికి పంపాను. (తనకిప్పుడు జార్జియాలో, కమ్మింగ్ అనే ఊళ్ళో సొంతిల్లు ఉంది, వెక్కిరింపు మాత్రం పాతదే.) "కరెక్టే రాసినవ్. ఎవరైనా గిట్లనే రాస్తరు గదనే" అని జవాబిచ్చింది.

చాలాసేపు ఆ వాక్యం వైపే చూశాను. ఒక్క తప్పూ లేదు. ఒక్క చుక్క తాగకుండా ఒక కొండనంతా కళ్ళతో చూసిన ఆ భయస్తురాలు గుర్తొచ్చి నవ్వొచ్చింది, కొంచెం ఈర్ష్య కూడా కలిగింది. వాక్యం చెరిపేశాను. గ్లాసు దూరంగా జరిపి, ఏమీ రుచి చూడనిదానిలా మళ్ళీ మొదలుపెట్టాను.