వదిన అంగిలి బొమ్మ

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక, మనవరాలి పలక మీద. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ నోటితో చెప్పడమే తప్ప రాయలేకపోయాను.

1926లో రంగూన్‌లోని ఒక ఆసుపత్రిలో, పెథాలజీ విభాగంలో నన్ను ఆయాగా పెట్టుకున్నారు. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను చెడిపోకుండా ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పొదిగి, ఉల్లిపొరకన్నా పలచగా కోసి, రంగు వేసి, గాజుపలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూసేవారు. ఆ పలకలు కడగడం నా పని. తెలుగు రోగులొస్తే వాళ్ల మాట బర్మా భాషలో చెప్పడం కూడా నాదే. మా డాక్టరుగారు బర్మావారు. అందరూ సయా, అంటే గురువుగారు, అని పిలిచేవారు. కేన్సర్ మీద ఆయన వ్యాసాలు వైద్య పత్రికల్లో పడేవి. ఆ ఏడు నోటి కేన్సర్ మీద రాస్తున్నారు.

మావైపు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. అంటే చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుంటారు. పజుండాంగ్ కాలవ ఒడ్డున వడ్ల మిల్లులో పనిచేసే మా వదిన నరసమ్మదీ అదే అలవాటు. అలా పెట్టుకుంటే చుట్ట గాలికి ఆరదు, ఊక మీద నిప్పు రాలదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. ఆమెకు అంగిట్లో పుండు లేచి మానకపోతే ఆసుపత్రికి తీసుకొచ్చాను. ఎలా తాగుతుందో చూపించమన్నారు సయా. చూపించగానే ఆయన కుర్చీలోంచి గభాల్న లేచారు.

"ఏటే, మీ సయా అలా బెదిరిపోతన్నాడు? నిప్పు మింగేస్తాననుకున్నాడేటి?" అని వదిన నవ్వింది.

ముక్క తీసి చూశారు. కేన్సరే. ఎముక దాకా పాకింది, కోసినా లాభం లేదన్నారు. ఆ మాట తెలుగులో చెప్పాల్సింది నేను.

"ఆలీసమైపోనాదంట వదినా," అన్నాను.

"అంగిలి ఎవులికి కనబడతాదే? కనబడితే ముందే వొచ్చీదాన్ని," అంది వదిన. తర్వాత, "మరింకెందుకు మానడం? చుట్టొకటియ్యి," అంది.

ఆ ఏటి వానలు వెళ్లకముందే పోయింది.

మరుసటి ఏడు వ్యాసం అచ్చయింది. సయా నన్ను పిలిచి చూపించారు. అందులో ఒక నోటి బొమ్మ ఉంది. విరిగిన ముందుపన్ను చూసి వదినదని పోల్చుకున్నాను. కింద ఏం రాశారని అడిగాను. "వడ్ల మిల్లు కూలి, తెలుగు స్త్రీ" అని చదివి చెప్పారు. రోగి పేరు వేయకూడదన్నది నియమమట. ఎవరు చదువుతారని అడిగితే, డాక్టర్లు, లండన్‌లో కూడా చదువుతారన్నారు.

అది మంచి వ్యాసమే. దానివల్ల డాక్టర్లకు తెలుస్తుంది. చుట్ట తాగేవాళ్లకు తెలియాలంటే ఎవరో ఒకరు వెళ్లి చెప్పాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే.

మర్నాడు పొద్దున్న డ్యూటీకి ముందు చేతి అద్దం పట్టుకుని మిల్లు గేటు దగ్గరికి వెళ్లాను. అదే మిల్లులో పనిచేసే వదిన కూతురు, తల్లిలాగే చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకునే వస్తోంది.

"ఏటత్తా, పొద్దున్నే అద్దం? నాకేటి పెళ్లా?" అంది.

చుట్ట తీయించి, గడ్డం కింద అద్దం పెట్టి, నోరు బాగా తెరిచి తననే చూసుకోమన్నాను. అంగిలి మీద, పుండుకు ముందొచ్చే తెల్లమచ్చ ఉంది. పుండు ఇంకా లేవలేదు. మిల్లులోకి వెళ్లనివ్వకుండా, చెయ్యి పట్టుకుని నాతోపాటు సయా దగ్గరికి తీసుకెళ్లాను.