మేక నీళ్లలో పడ్డప్పుడల్లా

2010 జూన్‌లో గణితం స్కూల్ అసిస్టెంట్‌గా మెదక్ పట్టణంలోని ఒక ప్రాథమికోన్నత పాఠశాలకు బదిలీ అయ్యాను. ప్రధానోపాధ్యాయుడి పోస్టు ఖాళీగా ఉండటంతో ఇన్‌ఛార్జి బాధ్యత కూడా నా మెడకే చుట్టుకుంది. బడిలో అప్పటికే మూడు కంప్యూటర్లు, లెక్కల ఆటల సీడీలు ఉన్నాయి. మాకొక ఆనవాయితీ ఉండేది. మండల విద్యాధికారి తనిఖీకి వస్తున్నారంటే ఏ-గ్రేడు పిల్లల్ని వాటి ముందు కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చేవాళ్లం. సీ-గ్రేడు వాళ్లు వెనక నిలబడి చూడాలి. నేనూ ఆ తానులో ముక్కనే.

ఆరో తరగతి మౌనికది సీ-గ్రేడు. భిన్నాల లెక్క ఇస్తే బోర్డు దగ్గర బిగుసుకుపోయేది. వాళ్ల నాన్న యాదగిరికి రామాయంపేట రోడ్డులో పంక్చర్ల దుకాణం. ఒకరోజు బడికొచ్చి, "పిల్లకు లెక్కలు అస్తలేవు సారూ. ఈ పరీక్షల గూడ గిట్లనే అయితే బడి బంద్ జేపిచ్చి, వాళ్లమ్మతోని బీడీలు చుట్ట కూసోవెడ్త" అన్నాడు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. తనిఖీకి ముందు రోజు బస్సులు బంద్. ఎల్దుర్తి వైపు పిల్లలు రాలేదు. ఒక కుర్చీ ఖాళీగా ఉంటే మౌనికను కూర్చోమన్నాను.

ఆట ఇది: కాలువ మీద, దాని వెడల్పులో సగం, మూడో వంతు, ఆరో వంతు పొడవున్న పలకలు పరిచి మేకను దాటించాలి. పలకలు చాలకపోతే మేక నీళ్లలో పడుతుంది. ఏ-గ్రేడు పిల్లలు మీట నొక్కే ముందు ప్రతిసారీ నా మొహం చూస్తున్నారు. మౌనిక మాత్రం మేకను వరసగా ఆరుసార్లు ముంచింది. "ఆటలాడుతున్నావా? లే!" అని కసిరాను.

తను తెర మీంచి చూపు తిప్పలేదు. "జర ఆగుండ్రి సార్. ఎంత తక్కువ పడ్డదో చూస్తున్న."

సగం, మూడో వంతు వేసింది. మిగిలిన సందును వేలితో కొలిచి, ఆరో వంతు పలక పెట్టింది. మేక దాటింది.

నాకు నమ్మకం కుదరలేదు. ఆటలో లేని లెక్క బోర్డు మీద రాశాను: మూడో వంతు, నాలుగో వంతు కలిపితే ఒకటికి ఎంత తక్కువ? మౌనిక గీత గీసి పన్నెండు భాగాలు చేసింది. నాలుగు, మూడు కొట్టేసి మిగిలినవి లెక్కపెట్టింది. "పన్నెండుల అయిదు తక్కువ సార్."

నేను నెలల తరబడి చెప్పిన క.సా.గు. ఎక్కని పిల్ల దాన్ని తనంతట తానే కనిపెట్టింది.

ఆ సాయంత్రమే యాదగిరిని పిలిపించి, అదే లెక్క మళ్లీ చేయించాను. అతను బోర్డునూ బిడ్డనూ మార్చి మార్చి చూశాడు. "గీ ఆటలనే నేర్సిందా సారూ?"

అవునన్నాను.

"అయితే ఆడనియ్యుండ్రి."

మర్నాడు తనిఖీలో మౌనికనే ముందు కూర్చోబెట్టాను. విద్యాధికారి ఎదుటే మేక రెండుసార్లు మునిగింది. నేను అడ్డుపడలేదు.

అప్పటిదాకా తప్పు జవాబు కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేయడమే నాకు తెలుసు. ఎంత తప్పిందో పిల్లకు చూపించాలని, చూసుకునేదాకా ఆగాలని నాకు నేర్పింది ఆ ఆట. ఆ రోజు "లే!" అని కసిరి, దాన్నే నేను దాదాపు ఆపేశాను.