నేను చెప్పిన షాఫ్టు, నాయన విన్న షాఫ్టు

కోలారు బంగారు గనుల దగ్గర మా ఊరిగాంలో ఆ రోజుల్లో పీయూసీ పాసైన కుర్రవాడికి దారులు రెండే అనేవారు: కాలేజీకి పోవడం, కాకపోతే గనిలోకి దిగడం. మూడో దారి ఒకటుందని నేను కనిపెట్టాను. కనిపెట్టినవాడికి ఉండే గర్వం నాకూ ఉండేది. దానివల్ల ఏం జరిగిందో తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, ఆ వారం రోజులూ మా ఇంట్లో ఒక్కరూ నవ్వలేదు.

మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి బంగారు గనిలో చేరాడు. ఆయన తరువాత నాయన చేరాడు. గనులు దొరల చేతి నుంచి సర్కారు చేతికి వచ్చాయి, బోర్డుల మీద పేర్లు మారాయి, నాయన దిగే గుంత మాత్రం మారలేదు. నిలువునా భూమిలోకి పోయే ఆ గుంతను మా దగ్గర తెలుగువాళ్లు, తమిళులు, కన్నడిగులు అందరూ షాఫ్టు అనే అంటారు. ఇనుప బోనులో మనుషుల్ని నింపి అందులోకి దింపుతారు. కింద నాయన బండలకు డ్రిల్లింగు చేసేవాడు. లోపల ఎక్కడైనా బండ పగిలితే పైన మా ఇంట్లో గిన్నెలు గలగలమనేవి. అమ్మ పొయ్యి మీది అన్నం వదిలేసి వీధిలోకి వచ్చి, నాయన కనిపించేదాకా అలాగే నిలబడేది. (గిన్నెలు మోగిన రోజు మాడిన అన్నం తినడం మా ఇంటి ఆచారం. ఎవరమూ వంక పెట్టేవాళ్లం కాదు.) అందుకే నాయన ఒట్టు పెట్టుకున్నాడు, కొడుకు షాఫ్టులో కాలు పెట్టకూడదని. నేను కోలారు కాలేజీలో బీఎస్సీ చదవాలి. సీటు కూడా వచ్చింది.

నేనేమో ఎవరికీ చెప్పకుండా ఐటీఐలో టర్నర్ పనికి పరీక్ష రాసి వచ్చాను. టర్నర్ అంటే లేత్ మిషను మీద ఇనుప కడ్డీని గిరగిరా తిప్పుతూ, పదునైన ఉక్కు ముక్కతో చెక్కి కావలసిన కొలతకు తెచ్చేవాడు. అలా నునుపు చేసిన కడ్డీని ఆ పనివాళ్లు షాఫ్టు అంటారు. ఒక మాటకు రెండర్థాలు ఉండవచ్చునన్న సంగతి, అన్నీ వరుసగా రాసుకునే నాకు, ఆ ఒక్కసారి తట్టలేదు. పాసయ్యాను కూడా. చేరాలంటే నాయన సంతకం కావాలి. వచ్చే శనివారం ఆఖరు రోజు. నేను గీతల కాగితం మీద ఎర్ర సిరాతో అంకెలు వేసి ఏడు కారణాలు రాశాను. ఆదివారం మధ్యాహ్నం నాయన సంగటి తింటుండగా ఎదురుగా నిలబడి చదివాను.

“ఒకటి, రెండేండ్లకే పని చేతికొస్తాది. రెండు, మొదట్లో డ్రిల్లింగు నేర్పిస్తారు. మూడు, ఆ పైన షాఫ్టు పనికి పెడతారు. నాలుగు, బాగా చేసినోళ్లకి బోరింగు కూడా...”

నాయన చెయ్యి సంగటి ముద్ద మీద ఆగిపోయింది. “ఎవురికి నేర్పిస్తారు?”

“నాకే నాయనా.”

“డ్రిల్లింగు?”

“ఔను. భయమేం లేదు, నీళ్లు పోస్తానే ఉంటారు.” (లేత్ దగ్గర ఇనుము వేడెక్కకుండా నీళ్లు పోస్తారు. గనిలో రాతి దుమ్ము లేవకుండా పోస్తారు. ఇదీ తట్టలేదు.)

“ఆ చీకట్లో నీకు యెట్ల కనపడతాదిరా?” అంది అమ్మ.

“మిషను కాడ లైటు ఉండాదమ్మా.”

అమ్మ గరిటె కింద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన చెయ్యి కడుక్కుని లేచాడు. “ఐదు, ఆరు, ఏడు నీ దగ్గరే పెట్టుకో. సంతకం లేదు పో” అన్నాడు.

నేను గబగబా చదివింది నాయనకు అర్థం కాలేదేమో అనుకుని, నేను ఆ కారణాలన్నిటినీ ఇంకా గుండ్రటి అక్షరాలతో మళ్లీ రాసి ఆయన కాఫీ లోటా పక్కన పెట్టాను. నాయన కాగితం మీద లోటా పెట్టుకుని కాఫీ తాగి షిఫ్టుకు పోయాడు. అమ్మ ఇక లాభం లేదని టేకల్‌లో రాగులు పండించుకునే తన తమ్ముడికి కబురు పంపింది. బుధవారం మామ సంచీ నిండా మామిడికాయలతో దిగాడు.

“ఏం అల్లుడా, గుంత తవ్వేదానికి పరీచ్చ రాస్తివంటనే! మా ఊర్లో బాయి తవ్వేవోళ్లని ఎవురూ ప్రెశ్నలు అడగరు కదప్పా.”

“అది గుంత కాదు మామా, షాఫ్టు.”

“అదే కదరా నేను చెప్పేది! ఇంగ నా మాట ఇను. నాతో వచ్చేయ్, పట్టుపురుగులు మేపుకొందువు. అవి ఆకుతో బాటు నీ కారణాల పట్టీ కూడా తినేస్తాయి, పీడా పోతాది.”

శనివారం నాయన షిఫ్టు ముగించుకుని వచ్చి, స్నానం చేసి, పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా వేసుకున్నాడు. “పద” అన్నాడు. సంతకానికే అనుకుని నేను ముందు నడిచాను. ఐటీఐలో మాకు పని నేర్పబోయే సారును అందరూ వెర్నియర్ సారు అనేవారు, ఇతరులు పెన్ను పెట్టుకునే జేబులో ఆయన వెర్నియర్ అనే కొలత పరికరం పెట్టుకునేవాడు కనుక. నాయన ఆయనకు రెండు చేతులూ ఎత్తి మొక్కాడు.

“అయ్యా, వీని పేరు కొట్టేయండి. మా నాయన దిగినాడు, నేను దిగినాను. వీన్ని మాత్రం షాఫ్టులోకి దించొద్దు.”

సారు నా వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు. “షాఫ్టులోకి యాడ దించేది పెద్దాయనా? మా షాఫ్టులన్నీ బీరువాలో ఉండాయి.”

బీరువా తెరిచి మూరెడు కడ్డీ ఒకటి తీసి నాయన చేతిలో పెట్టాడు. నాయన దాన్ని పసిబిడ్డను అందుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“దీనికా ఆ పేరు?”

“దీనికే.”

“డ్రిల్లింగు?”

సారు ఒక ఇనుప బిళ్లను చూపించాడు. దాని మధ్యలో చిటికెన వేలు దూరనంత బెజ్జం.

“మరి బోరింగు?”

“ఆ బెజ్జాన్నే ఇంగ రవ్వంత పెద్దది చేసేది.”

నాయన నా వైపు తిరిగాడు. “ఏడు రాస్తివి కదరా! షాఫ్టంటే కడ్డీ అని ఇంగొగటి రాసేదానికి నీకేమొచ్చె?” అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక మళ్లీ నవ్వాడు. కళ్లు తుడుచుకుని, సారు పెన్ను అడిగి, తెలుగులో మెల్లగా సంతకం చేశాడు.

తిరిగి వస్తుంటే చర్చి దాటాక అడిగాడు: “ఇంగ నిజం చెప్పు. కాలేజీ యాల వద్దంటివి? నీ పట్టీలో అది లేదే.”

లేదు, నిజమే. సీటు కోసం కోలారు వెళ్లిన రోజు కిటికీ అవతలి గుమాస్తా ఇంగ్లీషులో ఏదో అడిగాడు. నేను గట్టిగా “ప్రెజెంట్ సార్” అన్నాను. వరుసలో నిలబడ్డవాళ్లంతా నవ్వారు. నాకు లేత్ మీద ప్రేమ ఉన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ ప్రేమ ఆ సాయంత్రం కోలారు నుంచి తిరిగొచ్చే బస్సులో బాగా ముదిరింది.

“భయమేసింది నాయనా.”

నాయన నడుస్తూనే, “నన్ను మొదటి దినం బోను ఎక్కమన్నప్పుడు కడుపునొప్పని చెప్పి కక్కసులో దాంకొంటిని. మా నాయన చెవి పట్టుకొని ఎక్కించినాడు” అన్నాడు. ఇంకొంచెం నడిచి, “మీయమ్మకి చెప్పొద్దు” అన్నాడు.

చెప్పలేదు. పెద్దవాళ్ల రహస్యం ఒకటి నా దగ్గర భద్రంగా ఉందని చాలా ఏళ్లు ఛాతీ విరుచుకుని తిరిగాను. నాయన పోయాక ఒక మధ్యాహ్నం, రాగులు చెరుగుతున్న అమ్మ దగ్గర కూర్చుని, ఇక చెప్పవచ్చులే అని మొదలుపెట్టాను. అమ్మ చేట ఆపలేదు.

“కక్కసులో దాంకొనింది కదా? పెండ్లి మాటలప్పుడే మీ తాత చెప్పినాడు.”

“మరి ఎప్పుడూ అనలేదేమ్మా?”

“అంటే ఆయప్ప సిగ్గుపడడా?” అంది అమ్మ.

ఇన్నేళ్లు దానికి కాపలా కాసిన నన్ను చూస్తే నాకే నవ్వొచ్చింది. అమ్మా నవ్వింది.