బావ లేజరూ నా లేజరూ

మొన్న కొండాపూర్‌లోని ఓ ప్రయోగశాలవాళ్లు లేజర్ల పనిలో పాతకాలపు మనిషినన్న మర్యాదతో పిలిస్తే వెళ్లాను. బల్ల మీద టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి చూపించి, ఇందులోని లేజర్ తన ఫ్రీక్వెన్సీని, అంటే వెలుగు కంపించే వేగాన్ని, తానే జారకుండా పట్టి ఉంచుకుంటుందనీ, ఎవరూ కాపలా ఉండనక్కర్లేదనీ చెప్పారు. మెచ్చుకోవలసిన మాటే. నాకు మాత్రం మా మేనత్త కొడుకు గుర్తొచ్చి, ఇన్నేళ్ల తర్వాత కూడా కడుపులో చిన్న మంట లేచింది.

చదువు కాగానే మేమిద్దరం ఒకే చిన్న కంపెనీలో, ఒకే గదిలో చేరాం. పొడవులు కొలిచే యంత్రం కోసం చెరొక లేజర్ తయారు చేయాలి. ఎవరిది తక్కువ జారితే దాన్నే యంత్రంలో పెడతాననీ, ఆ గది బాధ్యత కూడా వాళ్లకేననీ యజమాని అన్నాడు. నాకు ఆ బాధ్యత కావాలి. అంతకంటే ముఖ్యంగా బావకు రాకూడదు. లేజర్ ట్యూబు వేడెక్కి కాస్త సాగినా దాని రెండు చివర్ల ఉన్న అద్దాల మధ్య దూరం మారి ఫ్రీక్వెన్సీ జారుతుంది కనుక, నేను వేడి, నేల అదురు, గాలి కదలిక, ట్యూబుకిచ్చే కరెంటు, ఎదుటి గాజు నుంచి వెనక్కి తిరిగొచ్చే వెలుగు, అన్నిటినీ వరసగా సరిచేసుకుంటూ వచ్చాను. బావ తన పెట్టెకు థర్మకోల్ చుట్టి, మూత బిగించి చాయ్‌కి పోయేవాడు.

చిక్కేమిటంటే, ఒక్క లేజర్‌నే చూసి అది జారుతోందో లేదో చెప్పలేం. రెండు కిరణాలను కలిపితే వాటి మధ్య తేడా అంకెగా కనిపిస్తుంది. మా అంకె కుదురుగా ఉండేది కాదు, ఎవరిది కదులుతోందో అది చెప్పదు.

"నీదే, బావా," అనేవాణ్ని.

"నాది గాదు బామ్మర్దీ, నీదే. జర నిమ్మళంగ ఉండనియ్యి దాన్ని," అని నవ్వేవాడు.

చివరికి యజమాని ఎక్కడినుంచో నిలకడైన మూడో లేజర్ తెప్పించాడు. దానితో కలిపి చూస్తే బావది కదల్లేదు, నాది జారింది. నేను భోజనానికి లేస్తే ఆగింది, తిరిగొచ్చి కూర్చోగానే మళ్లీ మొదలైంది. బావ ఆ అంకెనూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"దానికేం రోగం లేదుర. నాదెప్పుడు జారుతదా అని పొద్దంత నీ పెట్టె మీద మోచెయ్యి ఆనిచ్చి కూసుంటివి. నీ ఒంటి వేడే దానికి తగిలింది. ఇగ లే."

గది బావకే దక్కింది. అది పోయినందుకు కంటే, నా లేజర్ జబ్బు కూడా అతనే కనిపెట్టినందుకు ఎక్కువ మండింది. కొడుకు గెలిచిన సంతోషంలో అత్తయ్య పంచిన మిఠాయి నేను ముట్టలేదు.

బావ ఇప్పుడు నిజాంపేటలో ఉంటాడు, పెళ్లిళ్లలో తప్ప కలవం. మొన్న ఆ కొత్త పెట్టె మీద ఎవరూ చూడకుండా మోచెయ్యి ఆనించి నిలబడ్డాను. ఇంకో లేజర్‌తో దాన్ని పోల్చి చూపుతూ పక్కనున్న అంకె చలించలేదు. గొప్ప పనితనమే. దాని దగ్గర ఇద్దరు కూర్చుని నీదంటే నీదని వాదులాడుకోవలసిన అవసరం ఇక రాదు. నాది జారుతోందని నవ్వుతూ చెప్పే మనిషి మాత్రం ఇప్పుడు నా పక్క కుర్చీలో లేడు.