కప్పు మోగని కోత

డెల్బర్ట్ క్రూగ్ నెవాడా ఎడారిలో బావులు తవ్వి బతికిన మనిషి. అతను సభ్యుడిగా ఉన్న అక్కడి చరిత్ర సంఘంవాళ్లు ఏటా ఏదో ఒక పాడుబడ్డ గని దగ్గర శిలాఫలకం నిలబెట్టి, ఎర్ర చొక్కాలు తొడుక్కుని రెండు రోజులు మకాం వేస్తారు. పొద్దు గుంకాక మంట చుట్టూ చేరి కోతలు కోయాలి. కోత బాగుంటే అందరూ రేకు కప్పులు మోగిస్తారు. నోరు జారి నిజం చెప్పినవాడు అంట్లు తోమాలి.

పోయినేడు డెల్బర్ట్ నేస్తం రాయిస్ వంతు వచ్చింది.

"నేను వచ్చే వేసవి చూడనటరా. డాక్టరు చెప్పాడు."

కప్పులు మోగిపోయాయి. అందరికంటే గట్టిగా మోగించింది డెల్బర్టే.

"పాత కోతేలేరా. వచ్చేసారి కాస్త పెద్దది పట్రా."

రాయిస్ నవ్వాడు. ఎవరూ అడక్కుండానే లేచివెళ్లి అంట్లన్నీ తోమాడు. వాడికి ఈ పని సరదా కాబోలు అనుకున్నాడు డెల్బర్ట్. అన్ని బావుల లోతు చూసినవాడికి ఆ పాటి లోతు అందలేదు.

వసంతంలో రాయిస్ పోయాడు.

ఈ ఏడు మంట దగ్గర డెల్బర్ట్ వంతు వచ్చేసరికి అందరూ కప్పులు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

"వాడు చెప్పింది నిజమేనని నాకప్పుడే తెలుసు," అన్నాడు.

ఆ సంఘంలో అంత పచ్చి అబద్ధం ఇంతవరకు ఎవరూ ఆడలేదు. అయినా ఒక్క కప్పూ మోగలేదు.